గాయమునకు సాక్షి యెవరు?

1992వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన, తుర్కీదేశపు ఆగ్నేయ భాగమున, పోలీసు నిర్బంధములోనున్న యొక లోహపు పనివానిని సర్కారు వైద్యుడొకడు పరీక్షించి నివేదిక వ్రాసెను. ఆ నివేదిక యావత్తును ఒక్క వాక్యము. ఆతని దేహమున దెబ్బల గురుతులుగాని బలప్రయోగపు చిహ్నములుగాని లేవని దాని సారాంశము. రెండు దినముల పిమ్మట ఆతనిని విడిచిపెట్టిరి. డిసెంబరు 15వ తేదీన ఆతడు దియార్‌బకిర్ పట్టణమందలి విశ్వవిద్యాలయ వైద్యశాలలో చేరెను. అచ్చటి వైద్యులు చూచినదేమి? రెండు చేతులయందును నాడులు చచ్చుబడియున్నవి. తన చేతులను వెనుకకు విరిచికట్టి, ఆ కట్టుతోనే పైకి వ్రేలాడదీసిరని ఆతడు చెప్పెను. ఒక వైద్యుని కంటికి ఏమియు కానరాని దేహమున, వారము దినములలో మఱియొక వైద్యుడు పక్షవాతమును చూచెను. దేహ మొక్కటియే, కాగితములు రెండు.

ఆతడు స్ట్రాస్‌బర్గులోని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము నాశ్రయించెను. అక్సోయ్ వ్యాజ్యమని దానికి పేరు. తీర్పు 1996 డిసెంబరు 18వ తేదీన వెలువడెను. ఒక ప్రభుత్వము చిత్రహింసకు పాల్పడినదని ఆ న్యాయస్థానము నిర్ణయించుట అదియే ప్రథమము. తీర్పు వినుటకు వాది బ్రతికిలేడు. 1994 ఏప్రిలులోనే తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఆరోగ్యముతో నిర్బంధమున కేగినవాడు గాయములతో వెలుపలికి వచ్చినచో, ఆ గాయము లెట్లు కలిగినవో చెప్పవలసిన భారము ప్రభుత్వముదేయని న్యాయమూర్తులు పలికిరి. ఆ విశ్వవిద్యాలయ వైద్యశాల కాగితమే లేకున్న, మొదటి వైద్యుని ఒక్క వాక్యమే చరిత్రగా నిలిచియుండెడిది.

చిత్రమేమనగా, సరిగా ఆ దినముననే, 1996 డిసెంబరు 18వ తేదీననే, ఢిల్లీలో మన సుప్రీముకోర్టు డి. కె. బసు వ్యాజ్యమున తీర్పు చెప్పినది. 1986లో వంగదేశపు న్యాయసహాయ సంస్థాధ్యక్షు డొకడు ప్రధాన న్యాయమూర్తికి వ్రాసిన లేఖయే పదేండ్లకు ఆ తీర్పుగా పరిణమించెను. అరెస్టు చేయునప్పుడు దేహముమీది చిన్న పెద్ద గాయముల నన్నిటిని వ్రాసి, పోలీసు అధికారియు, అరెస్టయినవాడును సంతకము చేయవలెననియు, నిర్బంధములో నున్నంతకాలము ప్రతి 48 గంటలకు ఒకసారి వైద్యపరీక్ష జరుగవలెననియు అందు శాసింపబడినది. రెండు ఖండములలో ఒకే దినమున రెండు న్యాయస్థానముల దృష్టి ఒకే స్థానమునకు పోయినది. ఆ స్థానము వైద్యుని బల్ల.

అటు పోవుటకు కారణము కలదు. హత్యకు శవము సాక్షి. దొంగతనమునకు పోయిన సొమ్ము సాక్షి. చిత్రహింసకు సాక్షి యెవరు? తలుపులు మూసిన గదిలో కొట్టువారును, దెబ్బలు తినువాడును తప్ప మూడవవాడుండడు. కొట్టినవాడు చెప్పడు. దెబ్బలు తిన్నవాడు చెప్పిన నమ్మువారు లేరు, ఏలన ఆతడు ముద్దాయి. ఇక మిగిలినది దేహము. దేహము మాటలాడును గాని, దాని భాష తెలిసినవాడు వైద్యుడొక్కడే. ఆ భాషయు చిరకాలము నిలువదు. అరికాళ్లపై కొట్టిన వాపు కొలది దినములలో తీయును. కమిలిన చర్మము మొదట ఎఱ్ఱనై, నీలమై, పిదప పచ్చబడి, రెండు మూడు వారములలో మాసిపోవును. తడిగుడ్డ కప్పి కొట్టిన దెబ్బ, నీటిలో ముఖము ముంచిన యాతన, నిద్ర లేకుండ నిలువబెట్టిన రాత్రులు, ఇవి చర్మముపై వ్రాయునది బహుస్వల్పము. ఈ విద్యలో ఆరితేరినవారికి ఇదంతయు బాగుగ తెలియును. అందుచేతనే వారు అరికాలిని కోరుకొందురు, కాలయాపనను కోరుకొందురు, అన్నిటికంటె ముఖ్యముగ తొందరపడు డాక్టరును కోరుకొందురు.

ఈ మర్మమును ముందుగ గ్రహించి దానికి ప్రతిక్రియ వెదకినవారు తుర్కీ వైద్యులే యగుట గమనింపదగినది. 1993లో ఆ దేశమున ఒక యువకుడు పోలీసు నిర్బంధమున మరణింపగా, నిరాహారదీక్షవలన ఊపిరితిత్తులలో నీరు చేరి చనిపోయెనని సర్కారు నివేదిక చెప్పెను. అక్కడి వైద్యసంఘమువారు దానిని నమ్మక, అనుమానాస్పద మరణముల పరిశోధనకై 1991లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన మిన్నెసోటా పద్ధతిని ముందుంచుకొని, సర్కారు నివేదికను పంక్తి పంక్తిగా పరిశీలించి ప్రత్యామ్నాయ నివేదికను సిద్ధపఱచిరి. చచ్చినవారికై యిట్టి పద్ధతి యుండగా, బ్రతికి బయటపడినవారి కేల లేదు? ఈ ప్రశ్న 1996 మార్చిలో అదానా నగరమున జరిగిన వైద్యుల సభలో లేచెను. మూడేండ్ల పరిశ్రమ జరిగెను. 15 దేశములకు చెందిన 75 మందికి పైగా వైద్యులు, న్యాయవాదులు, మానవహక్కుల పరిశీలకులు కూడి ఒక గ్రంథమును రచించి, 1999 ఆగస్టు 9వ తేదీన ఐక్యరాజ్యసమితి మానవహక్కుల హైకమిషనరు మేరీ రాబిన్‌సన్ చేతికిచ్చిరి. ఇస్తాంబూలు ప్రోటోకాలు అని లోకము దానిని పిలుచుచున్నది. అందలి మూలసూత్రములను 2000 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మహాసభ తన తీర్మానమునకు అనుబంధముగ చేర్చుకొన్నది. 2022లో ఆ గ్రంథమును పెంచి, సవరించి మరల ప్రకటించిరి.

గ్రంథము పెద్దది. దాని సారము మాత్రము ఏ తాలూకా ఆసుపత్రి డాక్టరునకైనను ఒక దినమున బోధింపవచ్చును. పరీక్షగదిలో పోలీసులుండరాదు. ఉండిరేని, ఎవరెవరుండిరో నివేదికలో వ్రాయవలెను. తీసికొనివచ్చిన వారెవరు, సంకెళ్లు విప్పిరా లేదా, పరీక్ష ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగిసినది, ఇవన్నియు కాగితముమీద నుండవలెను. పరీక్షింపబడువాని అనుమతిని మొదట గైకొనవలెను. ఏమి జరిగినదో ఆతని మాటలలోనే చెప్పనిచ్చి, తొందరపెట్టక, చెప్పినది చెప్పినట్లు వ్రాయవలెను. మానవాకృతి గీసిన పటముపై ప్రతి గాయమును దాని స్థానమున గుర్తించి, కొలత వేసి, వీలైనచో ఛాయాచిత్రము తీయవలెను. శరీరముతో పాటు మనస్సును పరీక్షింపవలెను. రాత్రులు ఉలిక్కిపడి లేచుట, పోలీసు ఖాకీని చూచిన ఒడలు వణకుట, జ్ఞాపకము చెదరుట, ఇవియు గాయములే.

అన్నిటికంటె గొప్పదైన నిబంధన యింకొకటి. ‘గాయములు కలవు’ అనియో ‘లేవు’ అనియో తేల్చివేసి వైద్యుడు చేతులు కడుగుకొనరాదు. ఈ గురుతు, ఆతడు చెప్పిన కథ, రెండును ఎంతవఱకు పొసగుచున్నవో ఆతడు చెప్పవలెను. దానికి అయిదు మెట్లు ఏర్పఱచిరి. పొసగదు, పొసగును గాని వేఱు కారణములవలనను కలుగవచ్చును, మిక్కిలి పొసగును, వేఱు కారణములు అరుదు, ఇట్టి హింసవలన సాధారణముగ కలుగునదే ఇది, ఇది మఱి దేనివలనను కలుగనేరదు. చూడుడు, మొదటి మెట్టు పోలీసుల రక్షణకే యున్నది. అబద్ధపు నింద మోపువాని కథ ఆ మెట్టుకడనే కూలిపోవును. పోలీసువారు ఈ పద్ధతికి భయపడుదురేని, ఏ మెట్టుకు భయపడుచున్నారో వారినే అడుగవలసియున్నది.

గురుతు లేకపోయినంతమాత్రమున హింస జరుగలేదని వ్రాయరాదనియు ఆ గ్రంథము శాసించుచున్నది. ఇది జాలివలన పుట్టిన నియమము కాదు, శాస్త్రమువలన పుట్టినది. వెలికి మానిన దెబ్బ లోపలి యెముకలో దాగియుండవచ్చును. తుర్కీ ఎముకల వైద్యుడు వెలీ లోక్, దెబ్బలు తిన్న చాలకాలమునకు సయితము, అణుకిరణముల సాయముతో తీసిన యెముకల చిత్రములలో ఆ జాడలను పట్టి చూపెను.

ఇట్టి సాక్ష్యము చెప్పువారికి లోకము పూలదండలు వేయలేదు. ఈ గ్రంథ రచయితలలో నొకరైన షెబ్నెమ్ కొరుర్ ఫిన్జాన్‌జి, తుర్కీ వైద్యసంఘాధ్యక్షురాలై యుండగా, 2022 అక్టోబరులో అరెస్టు చేయబడిరి. నిషిద్ధమైన రసాయనాయుధముల వాడుకపై వచ్చిన ఆరోపణలను స్వతంత్రముగ విచారింపవలెనని కోరినందుకు ఆమెకు 2023 జనవరిలో రెండేండ్లకు మించిన శిక్ష విధించి, అంతవఱకు జైలులో గడిపిన కాలము దృష్ట్యా విడిచిపెట్టిరి.

ప్రోటోకాలు పేరు వినగానే ‘ఇది పరదేశపు సరకు’ అని పెదవి విఱచువారు మనలో గలరు. వారికి మే మొక పాతకథను జ్ఞాపకము చేయుచున్నాము. చెన్నపురి వర్తకుడు, తెలుగువాడు, గాజుల లక్ష్మీనరసు శెట్టి 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించి, శిస్తు వసూలులో రైతులకు జరుగుచుండిన హింసలను గుఱించి ఇంగ్లండు పార్లమెంటుకు మొరపెట్టెను. డాన్‌బీ సేమూర్ అను పార్లమెంటు సభ్యుడు 1853లో ఇచ్చటికి రాగా, ఆతనిని జిల్లాలలో త్రిప్పి రైతుల దుఃస్థితిని కన్నులార చూపెను. 1854లో పార్లమెంటున చర్చ లేచి, ఆ యేడే చెన్నరాజధానిలో చిత్రహింసల విచారణసంఘము నియమింపబడి, 1855లో నివేదిక నిచ్చెను. సంఘము కూర్చున్నది చెన్నపట్టణమున. మొరపెట్టుకొనువారు వందల మైళ్లు ప్రయాణము చేసి పోయిరి. వచ్చిన ఫిర్యాదులు రెండువేలకు చేరువ. వ్రేళ్లను రెండు కఱ్ఱలనడుమ బిగించు కిట్టి, మెడను వంచి కాలికి కట్టి యెండలో నిలుపుట, వీపుపై రాతిబరువు, కన్నులలో మిరపకారము, ఇవి ఆ నివేదికలో వర్ణింపబడిన సాధనములు. చిత్రహింసను విచారించి కాగితముమీద కెక్కించు పద్ధతిని కోరినవారు ఇస్తాంబూలు వైద్యులకు దాదాపు నూటయేబదియేండ్లకు ముందే మన గడ్డమీద నుండిరి.

ఆ నివేదికలో మోసము లేకపోలేదు. శిస్తు భారమును విధించినది తెల్లదొర. కిట్టి బిగించినది నల్ల జవాను. పాపమంతయు జవానుదేయని, నేటివుల స్వభావమే యంతయని సంఘము తేల్చి, దొరలకు నిర్దోషిపత్రము వ్రాసియిచ్చెను. పైయధికారి ‘ఎట్లయినను పని కానిండు’ అని కనుసైగ చేయుట, పట్టుబడినప్పుడు క్రిందివాడు బలియగుట, ఈ మర్యాద దొరలతో ఓడ నెక్కి పోయినదని చెప్పుటకు మాకు నోరురాదు.

చట్టములు మనకు కొఱవడలేదు. ఒప్పుదల రాబట్టుటకై గాయపఱచుట నేరమని 1860 నాటి శిక్షాస్మృతి చెప్పెను. శిస్తు బాకీకై రైతును హింసించు అధికారిని దృష్టాంతముగ కూడ చూపెను. పోలీసునెదుట చేసిన ఒప్పుదల సాక్ష్యముగ చెల్లదని 1872 నాటి సాక్ష్యచట్టము చెప్పెను. 2024 జులై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన కొత్త స్మృతులును ఆ మాటలనే నిలుపుకొన్నవి. అరెస్టయినవానిని వైద్యాధికారి పరీక్షించి, గాయములను, అవి కలిగిన కాలమును సుమారుగ వ్రాసి, ప్రతిని అరెస్టయినవానికో ఆతడు చెప్పినవారికో ఇయ్యవలెనని నాగరిక్ సురక్షా సంహిత 53వ విభాగమున నున్నది. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని ఏ రీతిని పరీక్షింపవలెను? ఎవరుండరాదు? గాయము కథతో పొసగునో పొసగదో చెప్పవలెనా, అక్కఱలేదా? దీనికి చట్టము మౌనము. రిమాండునకు ముందు కానిస్టేబులు వెంటబెట్టుకొని వచ్చిన మనిషిని, వరుసలోనున్న రోగుల నడుమ, ఆ కానిస్టేబులు ఎదుటనే, చొక్కాయైన విప్పించక చూచి ‘గాయములు లేవు’ అని వ్రాయు డ్యూటీ డాక్టరు చట్టమును ఉల్లంఘించినవాడు కాడు! మేమాతని నొక్కనినే నిందింపము. ఆతనికి ఇచ్చిన కాగితమున ఒక్క వాక్యమునకే చోటున్నది.

మన సీమలోనే జరిగిన సంగతి చూడుడు. 2021 మే నెలలో ఒక పార్లమెంటు సభ్యుని హైదరాబాదులో అరెస్టు చేసి గుంటూరునకు తీసికొనిపోయిరి. రాత్రి తన అరికాళ్లపై కొట్టిరని ఆయన కోర్టులో చెప్పెను. గుంటూరు ప్రభుత్వాసుపత్రి వైద్యమండలి గాయములు లేవనెను. సుప్రీముకోర్టు ఆజ్ఞమీద, న్యాయాధికారి సమక్షమున, వీడియో తీయుచు, సికిందరాబాదు సైనికాసుపత్రివారు మరల పరీక్షింపగా పాదముల వాపును, కాలివ్రేలి యెముక విఱుగుటయు కనబడెను. ఆ అభియోగపు సత్యాసత్యములు న్యాయస్థానములు తేల్చవలసినవి. వానిని మేమిచ్చట తీర్పబూనము. రాజకీయములతో మాకు పనిలేదు. రెండు ఆసుపత్రులు, ఒకే పాదములు, కొలది దినముల వ్యవధి, రెండు నివేదికలు: మా కింతయే కావలెను. దియార్‌బకిర్ కథ గుంటూరు సికిందరాబాదుల నడుమ మరల నడచినది. లోకసభ సభ్యునికి సుప్రీముకోర్టు దొరికెను. దొంగతనపు అనుమానముపై స్టేషనునకు పిలిపింపబడిన కూలివానికి, ఇంటిపని చేయు ఆడదానికి రెండవ యాసుపత్రి యెక్కడిది?

దేశగౌరవము మాట కొంచెము చెప్పవలెను. చిత్రహింసలకు వ్యతిరేకముగ 1984లో ఐక్యరాజ్యసమితి అంగీకరించిన ఒడంబడికపై భారతప్రభుత్వము 1997 అక్టోబరులో సంతకము చేసెను. ధ్రువీకరణము మాత్రము చేయలేదు. లోకమున 170కి పైగా రాజ్యములు ధ్రువీకరించినవి. నేపాళము 1991లో, సింహళము 1994లో, బంగ్లాదేశము 1998లో, తుదకు పాకిస్తాను 2010లో ఆ పని చేసినవి. చేసినంతమాత్రమున ఆ దేశముల స్టేషనులు ఆశ్రమము లయ్యెనని మేమనము. మన లోకసభ 2010 మే నెలలో చిత్రహింసల నివారణ బిల్లును ఆమోదింపగా, రాజ్యసభ దానిని సెలెక్టు కమిటీకి పంపెను. 2014లో లోకసభ రద్దుకాగా బిల్లు మురిగిపోయెను. 2017లో న్యాయసంఘము తన 273వ నివేదికతో కొత్త ముసాయిదాను జతపఱచి పంపెను. అది అరలో నున్నది. కస్టడీలో గాయము తగిలినచో పోలీసే కలిగించెనని మొదట భావింపవలెనని అదే సంఘము 1985లోను, మరల 2017లోను చేసిన సూచనను 2023లో సాక్ష్యచట్టమును తిరుగవ్రాసినప్పుడును చేర్చలేదు.

దీనివలన నష్టము ముద్దాయిలకు మాత్రమే యనుకొనువారు పురూలియా సంగతి తలంచుకొందురు గాక. 1995 డిసెంబరులో విమానమునుండి వంగదేశముపై ఆయుధముల రాల్చిన కేసులో ముద్దాయియైన డెన్మార్కు దేశీయుని మనకప్పగింపుడని మన ప్రభుత్వము కోరగా, ఇచ్చట ఆతనికి చిత్రహింస భయము కలదని అక్కడి న్యాయస్థానము 2011లో కాదనెను. 2024లో మరల కాదనెను. దేశముమీద ఆయుధములు కురిపించినాడను నేరము మోపబడినవాడు మన లాకప్పుల అపకీర్తిని డాలుగా పట్టుకొని నిలిచెను! జాతీయాభిమానులకు ఇంతకంటె సిగ్గుచేటు ఏమున్నది?

‘దొంగలకు ఈ మర్యాద లెందుకు, నాలుగు తగిలించిన నిజము కక్కును’ అనువారు చాలమంది కలరు. పఠనమందిరములయందును ఈ మాట వినబడును. కక్కునది నిజమే యని వీరి కెవరు చెప్పిరి? దెబ్బ ఆగుటకు ఏది చెప్పవలెనో మనిషి దానిని చెప్పును. నిరపరాధి ఒప్పుకొన్న నేరమునందు అపరాధి వీథిలో తిరుగుచుండును. సిబ్బంది చాలక, శాస్త్రీయ పరిశోధనకు సాధనములు లేక, పైనుండి ‘రెండు దినములలో కేసు తేల్చు’ అను ఒత్తిడి పడు సబ్‌ఇన్‌స్పెక్టరు కష్టము మాకు తెలియును. ఆ కష్టమునకు మందు లాఠీ కాదు.

ఢిల్లీలో ధ్రువీకరణ మెప్పుడు జరుగునో జరుగుగాక. పోలీసుశాఖయు, ప్రజారోగ్యమును రాజ్యాంగముచే రాష్ట్రముల కొప్పగింపబడినవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు నేడే ఒక్కొక్క ఉత్తరువుతో చేయగల పని కొంత కలదు. నిర్బంధితుల పరీక్షాపత్రమును ఇస్తాంబూలు పద్ధతిని తిరుగవ్రాయవలెను: మానవాకృతి పటము, అయిదు మెట్ల అభిప్రాయము, గదిలో ఉన్నవారి పేర్లు, వైద్యుని పూర్తిపేరు, సంతకము. ఆ పత్రము నకలు పోలీసు చేతిమీదుగ కాక నేరుగ మేజిస్ట్రేటునకును, నిర్బంధితునికిని చేరవలెను. వైద్యకళాశాలలలో న్యాయవైద్యము చదువు విద్యార్థి చేత కనీసము ఒక్కసారి యిట్టి పత్రమును నింపింపవలెను. రిమాండునకు తెచ్చినవానిని ‘ఏమైన చెప్పుకొందువా’ అని మేజిస్ట్రేటు కాగితమునుండి తల యెత్తి, పోలీసులను దూరముగ నిలిపి అడుగవలెను. నిజము వ్రాసిన డాక్టరును మూడు నెలలలో ఏజెన్సీ కొండలకు బదిలీ చేయకుండ ఆరోగ్యశాఖ కాపాడవలెను.

అంతకు ముందొక లెక్క కావలెను. నిర్బంధితులను పరీక్షించుటకు పోలీసులు చొరరాని ప్రత్యేకమైన గది ఏ జిల్లా ఆసుపత్రిలో నున్నది, ఏ ఏరియా ఆసుపత్రిలో లేదు? రాబోవు సమావేశములలో అమరావతియందును, హైదరాబాదునందును శాసనసభ్యులు ఆరోగ్యమంత్రులను ఈ ఒక్క ప్రశ్న నడిగి, జిల్లాలవారీగ సమాధానమును సభ ముందుంచుడని పట్టుబట్టవలెను.